చింతగింజలతో మొదలయ్యే లెక్క
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



మనం నెలనెలా పొదుపు కడతాం, అప్పు తీసుకుంటాం, వడ్డీ కడతాం. పుస్తకంలో రాసిన అంకె సరిగ్గా ఉందో లేదో తనే చూసుకోగల సభ్యురాలిని ఎవరూ సులువుగా మోసం చేయలేరు. మన ఆడపిల్లలకు ఆ ధైర్యం రావాలంటే పదో తరగతి ట్యూషన్ దాకా ఆగకూడదు. మూడు నుంచి ఆరేళ్ల మధ్యనే, ఆటలోనే మొదలుపెట్టాలి.

"మా మనవరాలు వంద దాకా చెప్తుంది" అని మురిసిపోతాం. మంచిదే. కానీ ఓ పది చింతగింజలు ముందు పోసి, "ఏడు ఇవ్వమ్మా" అని అడగండి. ఒక్కో గింజకూ ఒక్కో అంకె చెబుతూ ఏడు తీసిస్తేనే లెక్క వచ్చినట్టు. అవే గింజలను దూరం దూరంగా పేరిస్తే చిన్నపిల్లలు ఎక్కువయ్యాయంటారు. కోప్పడకండి, ఆ వయసు అంతే. దగ్గరికి జరిపి మళ్లీ లెక్కపెట్టించండి.

ఐదు గింజలు చూపించి రెండు గుప్పిట్లో దాచండి. "నేల మీద మూడున్నాయి, నా చేతిలో ఎన్ని?" అంటే అదే తీసివేత. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించండి. రెండు కట్టలు, మూడు విడిపుల్లలు అంటే ఇరవై మూడు. పదుల స్థానం, ఒకట్ల స్థానం ఇక్కడే తెలిసిపోతాయి. బియ్యం కొలిచేటప్పుడు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వాళ్ల చేతే కొలిపించండి.

మన అమ్మమ్మలు ఆడిన ఆటల నిండా లెక్కలే. వామనగుంటల్లో వరసకు ఏడు గుంటలు, గుంటకో గింజ వేసుకుంటూ పోవాలి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది.

మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు, గవ్వలు ఇవ్వొద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్లకు గిన్నెలు, గ్లాసులు చాలు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. బడి పని బడి చేస్తుంది. కూలికెళ్లి అలసి వచ్చే మనకు వేరే టైము ఎక్కడిది అంటారా? రొట్టెలు చేస్తూ, బట్టలు మడతపెడుతూ అడిగే రెండు ప్రశ్నలు చాలు.

ఒక్క మాట కోరుతున్నా. వచ్చే నెల సంఘం మీటింగుకు పిల్లల్ని తెచ్చుకునే అక్కలు గుప్పెడు చింతగింజలు కూడా తెండి. మన పొదుపు లెక్క పక్కన వాళ్ల లెక్క కూడా సాగనిద్దాం.