జీవకణమున దొంగ తాఖీదు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామలెక్కలు వ్రాసికొను వానికి వైద్యశాస్త్రముతో పని యేమని కొందరు నవ్వవచ్చును. నా బాల్యమిత్రుడొకడు ముందువరుసలోనే కూర్చున్నాడు. వానికి మూడవయేట జ్వరము వచ్చి తగ్గినది. ఎడమకాలు మాత్రము పడిపోయినది. "రెండునాళ్ల జ్వరము కాలినెట్లు కబళించెనోయీ?" అని వాడొకనాడిచ్చట నన్నడిగెను. వాని అనుమతితోనే చెప్పుచున్నాను. నాకు తెలియలేదు. తెలిసికొనుటకు రెండేండ్లు పట్టినది.

జీవకణమొక కచేరీ వంటిది. కేంద్రకమునుండి ఆర్.ఎన్.ఏ. అను తాఖీదులు వెలువడును. ప్రతి తాఖీదు తలపైనను ఒక రసాయనముద్ర యుండును. రైబోసోములను వ్రాయసగాండ్రు ఆ తాఖీదులను చదివి, శరీరమునకు వలసిన మాంసకృత్తులను కూర్తురు. తాఖీదును వ్రాయసగానికి చేర్చుటకొక బంట్రోతు కలడు. శాస్త్రజ్ఞులు వానికి పెట్టిన పేరు ఇ.ఐ.ఎఫ్.4జి, నోరు తిరుగదు, బంట్రోతనియే అందము. వాడు ఒకచేత ముద్రను గుర్తుపట్టు సహాయుని, రెండవచేత రైబోసోము పక్షమువారిని పట్టుకొని ఉభయులను కలుపును.

ఇక పోలియో వైరస్సు ఆస్తి యెంత? ఒక పెంకు, దానిలో సుమారు 7,500 అక్షరముల ఆర్.ఎన్.ఏ. అంతియే. సొంత కచేరీ లేదు, వ్రాయసగాడు లేడు. దాని తాఖీదుకు ఆ ముద్రయు లేదు. ముద్రలేని తాఖీదు చెల్లుటెట్లు? 1988లో కెనడా దేశమున, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పెలెటియర్, సోనెన్‌బర్గ్ అనువారు ఆ గుట్టు బయటపెట్టిరి. ఆ తాఖీదు మొదటిభాగము మడతలుపడి రైబోసోమును నడుమనే లోనికి దింపుకొనును. తలవాకిట ముద్ర చూపనక్కరలేని దొడ్డిదారి యది!

చొరబడిన పిమ్మట అది చేయించుకొను మాంసకృత్తులలో ఒకటి కత్తెర వంటిది. అది బంట్రోతును రెండుగా నరుకును. కొద్ది గంటలలోనే కణముయొక్క సొంత తాఖీదులు చాలవరకు నిలిచిపోవును. జరాసంధుని రెండు చీలికలు వేరువేరు దిక్కుల పడినంతనే వాడు మడిసెను గదా. ఇచ్చట అట్లు కాదు. ముద్రవైపు సగము నిరుపయోగమగును; రైబోసోమువైపు సగము మాత్రము చావక, దొడ్డిదారి తాఖీదుకు ఊడిగము చేయుచునే యుండును. ఈ మాట చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. లెక్కలు వ్రాయువానికి ఇంతకన్న భయంకరమైన కథ లేదు.

తుదకు కణము పగిలి క్రొత్త వైరస్సులు వెలువడును. పలువురిలో ఈ వినాశము ప్రేగులతోనే ముగియును. నూటికి ఒక్కరికన్న తక్కువమందిలో వెన్నుపాము చేరి, కండరములను కదల్చు నాడీకణములను చంపును. చచ్చిన ఆ కణములు మరల పుట్టవు. మిత్రుని ప్రశ్నకు సమాధానమిదియే.

బిడ్డల నోట వేయు చుక్కలమందులో నున్నదియు బలహీనపరచిన పోలియో వైరస్సే. సేబిన్ సిద్ధపరచిన మూడు రకములందును, తక్కిన మార్పులతోపాటు, ఆ దొడ్డిదారిలోనే ఒక్కొక్క అక్షరము మారియున్నది. అందుచే నాడీకణమున దాని తాఖీదు సరిగా సాగదు. ఒక్క అక్షరము!

మన దేశమున సహజ పోలియో చివరిసారి 2011 జనవరి 13న హౌరాలో ఒక పసిపాపకు కనబడినది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమునకు పోలియో విముక్తి పత్రమిచ్చెను. అంతకుముందు ఏటేట ఈ గ్రంథాలయపు అరుగుమీదనే చుక్కలు వేసిరి. ఏడ్చు బిడ్డలను బుజ్జగించి వరుసలో నిలిపినవాడు నా మిత్రుడే, మోకాలిపై చేయి మోపి.