వీధికంతా తెలిసిన రహస్యం



నేను వుండేది పాతబస్తీలో, మొఘల్‌పురాలో. గోడకు గోడ ఆనుకుని వున్న యిళ్ళు మావి. ఒకరింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ములు వస్తాయి. అటువంటి చోట రహస్యం దాగదంటారు. కాని మా అక్క యింట్లో ఒక రహస్యం పందొమ్మిదేళ్ళు దాగింది. ఎవరి దగ్గర దాగిందంటారా? ఎవరికి తెలియవలసి వుందో ఆ పిల్ల దగ్గరే. మిగతా వీధికంతా తెలుసు!

పెళ్ళయి పదకొండేళ్ళయినా మా అక్కకు సంతానం కలగలేదు. మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు. చివరకు 2003లో నగరంలోని ఒక శిశుగృహం నుంచి నాలుగు నెలల ఆడపిల్లను, కోర్టు అనుమతితో, పద్ధతి ప్రకారమే దత్తత తెచ్చుకున్నారు. ఆ రోజు మా అమ్మ వీధంతా పేడాలు పంచింది. ఎదురింటి ఖాలా వచ్చి పాపకు దిష్టి తీసింది. అంతా అయ్యాక పెద్దవాళ్ళం కూర్చుని ఒక మాట అనుకున్నాం, పిల్లకు యీ సంగతి చెప్పవద్దని. "పెద్దదయ్యాక చూద్దాం" అన్నాం. పెద్దదయింది. "పదో తరగతి కానీ" అన్నాం. తరువాత "ఇంటర్ కానీ" అన్నాం. ఆఖరికి "పెళ్ళి కానీ" అనే దాకా వచ్చాం.

2022లో లాల్‌దర్వాజా బోనాల నాడు పట్టుచీర కట్టుకుని, బోనమెత్తుకుని మా పిల్ల నడుస్తూ వుంటే, దూరపు చుట్టం ఒకావిడ మా అక్కతో, "కన్నబిడ్డ కాకపోయినా అన్నీ నీ పోలికలే వచ్చినయే" అన్నది. మెచ్చుకుంటూనే అన్నది పాపం. పిల్ల విన్నది. నోరెత్తలేదు. బోనం అమ్మవారికి సమర్పించి, రాత్రి నేరుగా మా యింటికొచ్చింది.

"చిన్నమ్మా, నేనెవరి పిల్లను?"

నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా వున్నది. "ఏం పిచ్చి మాటలే!" అని గదిమాను. అది నా ముఖంలోకి చూస్తూ ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది. "ఖాలాకు తెలుసా? పాలాయనకు తెలుసా? కిరాణా తాతకు తెలుసా?" నా నోట మాట రాలేదు. అప్పుడేడ్చింది. పెంపుడు పిల్లనని కాదండీ ఆ యేడుపు. "అందరికీ తెలుసు, నన్నొక్కదాన్నే వేరు చేసిన్రు" అని.

ఆ మాట నన్నింకా వదలలేదు. ఆలోచించి చూస్తే, యీ దాపరికం మన పాత ఆచారం కానే కాదు. వెనుకటి రోజుల్లో దత్తతంటే అన్న కొడుకునో, దాయాదుల పిల్లవాణ్ణో నలుగురి యెదుట చేసుకునేవారు. ఆ పిల్లవాడికి కన్నవారెవరో, పెంచేవారెవరో రెండూ తెలుసు. మా వీధిలో ముస్లిం సోదరీమణులున్నారు. వాళ్ళ ధర్మంలోనయితే పెంచుకున్న బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవమని వుంది. మతమేదైనా దత్తత చేసుకోవాలనుకునేవారికి బాలల న్యాయచట్టం కింద వీలున్నదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అది వేరే సంగతి. నేను చెప్పేదేమంటే, మా వీధికి ఆ పక్కా యీ పక్కా పెద్దలు నేర్పింది దాచమని కాదు. దాపరికం మన భయంలో నుంచి పుట్టింది.

మర్నాడు పిల్ల అడిగింది, "నన్ను కన్నామెను వెతుకుతా" అని. మా అక్క అన్నం ముట్టలేదు. "నా పెంపకంలో ఏం లోటు జరిగిందే?" అన్నది. ఎంత పెంచినా కన్నవారివైపే లాగుతుందని ఆమె దిగులు. మన భారతంలో కర్ణుడి సంగతి చూడండి. కుంతి తల్లి అని తెలిశాక కూడా, రాజ్యమిస్తామన్నా, పెంచిన రాధను కాదనుకోలేదు. రాధేయుడనే పేరు అతనికి నిలిచిపోయింది. అంత వెనక్కి వద్దనుకుంటే మన కాలం సంగతే వుంది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో పుట్టిన ఒక పిల్లవాడు అయిదేళ్ళ వయసులో రైల్లో తప్పిపోయి కలకత్తా చేరాడు. 1987లో ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసుకున్నారు. పాతికేళ్ళకు, 2012లో, కన్నతల్లిని వెతుక్కుంటూ వచ్చి కలుసుకున్నాడు. అతనే సరూ బ్రియర్లీ. అతని కథ సినిమాగా కూడా వచ్చింది. తల్లి దొరికినందుకు పెంచినవాళ్ళను విడిచిపెట్టలేదు. ఇంటిపేరు కూడా వాళ్ళదే.

మా పిల్లకు యింకో బాధ పట్టుకున్నది. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాదులో పసిపిల్లల వ్యాపారం బయటపడింది. నల్లగొండ జిల్లా తదితర చోట్ల లంబాడీ తండాల్లో పేదతల్లులకు కొద్దిపాటి డబ్బిచ్చి, ఆడశిశువులను తెచ్చి, దత్తత పేరిట విదేశాలకు పంపారని పోలీసు కేసులయ్యాయి. అదంతా పిల్ల చదివింది. చదివి తండ్రిని అడిగింది, "నాన్నా, నన్ను యిచ్చిన్రా, అమ్మిన్రా?" అని. మా బావ మాట్లాడకుండా లోపలికెళ్ళి యినుప పెట్టె తెచ్చి, కోర్టు ఉత్తర్వు, రసీదులు అన్నీ ముందు పెట్టాడు. యీ పని ఎప్పుడో చేయవలసిందని అప్పుడర్థమయింది మాకు.

తర్వాత తెలుసుకుంటే, యిట్లా వెతుక్కోవడానికి ప్రభుత్వమే దారి పెట్టింది. ఢిల్లీలో "కారా" అని దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ వున్నది. 1990లో ఏర్పడింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారు తమంతట తామే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకు చిన్నవారైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి. మూడో మనిషి చేత వెతికించడానికి మాత్రం వీల్లేదు. అందుకు కారణం వుంది. కన్నతల్లికీ ఒక జీవితం వుంటుంది. అవతల ఆమె కాపురానికి ముప్పు రాకూడదు గదా! ఆమె ఒప్పుకోకపోతే పేరూ వూరూ చెప్పరు. ఏ పరిస్థితుల్లో బిడ్డను వదులుకోవలసి వచ్చిందో మాత్రం చెబుతారు.

ఒక భయం మాత్రం తీసేసుకోండి. వెతికినంత మాత్రాన దత్తత చెడదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం జరిగిన దత్తతను పెంచినవాళ్ళు రద్దు చేయలేరు, బిడ్డ కూడా వదులుకుని పుట్టింటికి తిరిగి పోవడానికి లేదు. ఆస్తి హక్కులు ఎక్కడికీ పోవు.

దరఖాస్తు మీద సంతకం చేసేటప్పుడు మా అక్క పక్కనే కూర్చున్నది. నెలలు గడిచాయి. చివరకు జవాబొచ్చింది. పుట్టినప్పుడు బరువు కిలో తొమ్మిది వందల గ్రాములు. మూడో ఆడపిల్ల. పోషించలేక అప్పగించారు. తల్లి వేలిముద్ర వేసింది. ఆమె ఆచూకీ తెలిసింది గాని, కలవడానికి ఒప్పుకోలేదు. ఇంతే.

పిల్ల ఆ కాగితం చాలాసేపు చూసింది. "సంతకం రాదన్న మాట ఆమెకు" అన్నది. తనిప్పుడు బి.ఎడ్. చదువుతున్నది మరి. ఆ రాత్రి తల్లి పక్కనే పడుకుంది. వారం తిరిగాక ఒక వుత్తరం రాసింది. తాను క్షేమంగా వున్నానని, చదువుకుంటున్నానని, ఎవరి మీదా కోపం లేదని. ఎప్పుడైనా ఆమె అడిగితే చదివి వినిపించమని, ఫోటోతో సహా ఆ ఫైలులో పెట్టమని సంస్థవారికిచ్చింది. ఆ ఫోటో ఏదో తెలుసునా? బోనమెత్తుకున్నది. యేరి పెట్టింది మా అక్కే.

చెల్లెళ్ళారా, పెంచుకున్న బిడ్డ మీ యింట్లో వుంటే, లోకం చెప్పేలోగా మీరే చెప్పండి. బిడ్డకు మాటలు అర్థమయ్యే వయసు నుంచీ, నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథల్లో కథగా, "నిన్ను ఏరికోరి తెచ్చుకున్నాం" అని చెప్పండి. వూహ తెలిసేసరికి అది దానికి కొత్త సంగతిగా వుండదు. దాన్ని తెచ్చిన కాగితాలు జాగ్రత్త పెట్టండి, అడిగిన నాడు చేతికివ్వండి. పిల్లను తేవాలనుకునేవారు ప్రభుత్వ పద్ధతిలోనే తెచ్చుకోండి. ఆస్పత్రి ఆయాల చేతుల మీదుగా, దళారుల ద్వారా తేవద్దు. 2015 చట్టం ప్రకారం బిడ్డను అప్పగించే తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువుంటుంది. దొంగదారిన తెస్తే ఆ తల్లికి ఆ గడువు దక్కదు. మన పిల్ల రేపు అడిగే ప్రశ్నకు మన దగ్గర జవాబూ వుండదు.

ఇక చుట్టపక్కాలకూ ఇరుగుపొరుగుకూ ఒక్క మాట, నాకు నేను చెప్పుకునే మాట కూడా. ఆ బిడ్డకు తెలియని సంగతి మనకు తెలిసి వుంటే, మెప్పుకోసమైనా నోరు జారవద్దు. తల్లి దగ్గరకు పోయి, "ఇంకా చెప్పలేదా అక్కా, చెప్పెయ్యరాదూ" అని ధైర్యమివ్వండి. నేను పందొమ్మిదేళ్ళు ఆ మాట అనలేకపోయాను. దానికి మా పిల్ల కాళ్ళు పట్టుకోబోతే, "నువ్వు పెద్దదానివి చిన్నమ్మా, ఇంకెప్పుడూ అబద్ధమాడకు, చాలు" అన్నది.