గాసునూనె పోసి ఎనిమిది దినాలు

లారీ ఇంజను ముచ్చట మనకెందుకని రేడియో కట్టేయకండి. ఆ ఇంజను కోసం నా గాజులు రెండు జతలూ కుదువకు పోయినయి. అందుకే దాని సంగతి నాకింత తెలిసింది.

2002లో పెద్ద కరువొచ్చింది. మరుసటి ఎండాకాలానికి మా జడ్చర్ల చుట్టుపక్కల నీళ్ళ ట్యాంకరుకు యమ గిరాకీ. అప్పుడు మా మరిది ఒక మిలిటరీ శక్తిమాన్ చూసొచ్చాడు. ఎవరో సైన్యం వేలంలో కొని, హైవే పక్కన వేపచెట్టు కింద మూడు వానాకాలాలు వదిలేసిన బండి. "వదినె, అగ్గువకు వస్తున్నది" అన్నాడు. మా ఆయన నా చేతుల వైపు చూశారు.

ఈ శక్తిమాన్ బండ్లను జర్మనీ ఎం.ఏ.ఎన్. కంపెనీ లైసెన్సుతో జబల్పూరులో 1959 నుంచి 1996 దాకా చేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, కాబట్టి గుట్టా గడ్డా చూడదు. సైన్యం నంబరు పలకమీద పైకి చూసే బాణం గుర్తుంటుంది, దాని పక్కన రెండంకెలు సైన్యం బండి తీసుకున్న సంవత్సరం. దీనిమీద 85 అని ఉంది.

తీరా చూస్తే ఇంజను తిరగదు! ఎయిర్ క్లీనరు ఎవరో ఊడబీక్కుపోయారు. ఆ నోట్లోంచి వాననీళ్ళు పోయి లోపల తుప్పు పట్టింది. ఆరు సిలిండర్లలో రెండింట్లో పిస్టన్లు బిగుసుకుపోయినయి. అన్నదమ్ములిద్దరూ ఇంకో లారీకి తాడుకట్టి గుంజుదామని బయలుదేరారు. నేను ఆ రోజు అన్నం పెట్టడానికి షెడ్డుకు పోయినందుకు సరిపోయింది. మిస్త్రీ నాతోనే చెప్పిండు: "అమ్మా, జోరు జేస్తే లోపల రాడ్డు వంగుతది. దాన్ని నాననియ్యాలె."

నాజిళ్ళు ఇప్పేసి, ఆ రంధ్రాల్లోంచి గాసునూనెలో ఇంజనాయిలు కలిపి పోశాడు. ఎనిమిది దినాలు, రోజూ కొంచెం. తొమ్మిదోనాడు వెనక ఫ్లైవీలుకు కడ్డీ పెట్టి ముందుకో వేలెడు, వెనక్కో వేలెడు కదిలించాడు. తుప్పుపట్టిన కుట్టుమిషను చక్రాన్ని మనం ఆడిస్తామే, అట్లనే. సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. నాజిళ్ళు బిగించేముందు ఇంజను తిప్పి లోపలి నూనెంతా చిమ్మించాడు. నూనె గాలిలాగా నొక్కుకుపోదు, లోపల మిగిలితే అదే రాడ్డును వంచుతుందట.

డీజిలు ట్యాంకు ఊడదీసి, గులకరాళ్ళు వేసి ఊపి కడిగారు, మనం సీసాలో బియ్యం వేసి కడిగినట్టు. నీళ్ళు కలిసి మజ్జిగలాగా తెల్లబడిన ఇంజనాయిలు పారబోసి కొత్తది పోశారు.

స్టార్టు చేసేటప్పుడు మిస్త్రీ ఒక చెక్కపలక పట్టుకుని గాలి పీల్చే నోటి దగ్గర నిలబడ్డాడు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కుతుంది చూడండి, ఆ నొక్కిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. కాబట్టి తాళంచెవి తిప్పితే ఆగదు, డీజిలన్నా ఆపాలి, గాలన్నా ఆపాలి. అనుకున్నంతా అయింది. నల్లపొగ కక్కి ఇంజను అందుకున్నది, ఇక రొద పెరుగుతూనే ఉంది. డీజిలు పంపులో తుప్పుకు ర్యాకు పట్టేసి, ఆపే తీగ గుంజినా రాలేదు. మా మరిది షెడ్డు బయటికి ఉరికాడు. మిస్త్రీ పలకతో ఆ నోరు మూశాడు. ఊపిరాడక ఇంజను ఆగింది. గుడ్డ అడ్డంపెడితే లోపలికి పీల్చేసుకుంటుందట, చెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పంపు రిపేరు ఖర్చు మిగుల్చుకుందామని వీళ్ళు దాన్ని ఇప్పించలేదు. "రెండో జత కూడా తీసుకోండి, పంపు హైదరాబాదుకు పంపండి" అన్నాను. కోపంగానే అన్నాను.

పంపు వచ్చాక బండి బుద్ధిగా నడిచింది. ఆకుపచ్చ మిలిటరీ రంగు మాత్రం తీసేయక తప్పలేదు. సైన్యం బండ్లకు తప్ప ఎవరికీ ఆ రంగు కూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. వేలం కాగితాలు పాతాయన జాగ్రత్తగా దాచబట్టి రిజిస్ట్రేషనయింది, లేకుంటే ఇనుప సామానుగా అమ్ముకోవలసిందే.

నీలిరంగు వేయించి ట్యాంకరు కట్టించారు. గాజులు మరుసటేడు విడిపించారు. ఒక జత నా చేతికే ఉంది. ఇంకోటి మరిది పెళ్ళిలో మా తోడికోడలికి పెట్టాను.