ఆకలికి ముందు ఎవరు చేరితే వారే



పిల్లవాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే మనం ఎన్నిసార్లు వీధి గుమ్మంలోకి వచ్చి చూస్తామో! ఆ గుబులు రోజంతా మోసే తల్లులున్నారు. కరిబియన్ దీవుల్లోని హైతీ దేశపు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ తల్లుల సంగతి చెబుతున్నాను.

2010 జనవరి 12న వచ్చిన భూకంపం ఆ నగరాన్ని కుప్పకూల్చింది. 2021 జులైలో దేశాధ్యక్షుణ్ణి ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ తరువాత సాయుధ ముఠాలు మరీ పెట్రేగిపోయాయి. 2024 నాటికి నగరంలో సుమారు 80 శాతం వాటి గుప్పెట్లో ఉందని ఐక్యరాజ్యసమితి అంచనా. ముఠాల్లో సగం దాకా పిల్లలే ఉండవచ్చునని యునిసెఫ్ అదే ఏడు చెప్పింది.

పిల్లలకు ముఠాలతో ఏం పని అంటారా? కొందరిని బెదిరించి లాక్కుపోతారు. కొందరు ఆకలికి తాళలేక తామే పోతారు. మొదట కబుర్లు మోయడం, పోలీసుల రాక కనిపెట్టడం. తుపాకి ఆ తరువాత. పొయ్యి వెలగని ఇంట్లో కొడుకు నాలుగు డబ్బులు తెచ్చి పెడితే, “ఎక్కడివిరా?” అని గద్దించడం ఏ తల్లికైనా తేలికా?

సాయమనగానే మనకు పాతబట్టలు, బిస్కెట్ పొట్లాలు గుర్తొస్తాయి. అవి అక్కడికి చేరేదెలా? 2024 మార్చిలో బాలింతలకూ పసికందులకూ ఉద్దేశించిన సామగ్రితో ఉన్న యునిసెఫ్ కంటైనరునే రేవులో దోచేశారు. అందుకే అక్కడికక్కడే వండి పెట్టే పద్ధతి మేలనిపిస్తుంది. ఇళ్ళు వదిలి పారిపోయి వచ్చినవారికి ప్రపంచ ఆహార కార్యక్రమం వారు స్థానిక సంస్థల చేత వేడి భోజనం వండించి పెట్టించారు. బడిపిల్లల భోజనానికి హైతీ రైతుల పంట కూడా కొంటూ వచ్చారు. దానివల్ల రైతుకు నాలుగు రాళ్ళు, పిల్లవాడికి బడి.

అన్నం కోసం బడికొచ్చిన పిల్లలు చదువులో నిలదొక్కుకోవడం మన ఊళ్ళలోనూ చూశాం కదా!

పళ్ళెం అన్నం తుపాకిని ఆపుతుందా? ఆపదు. కాని ఆకలిని ఎరగా వాడుకునేవాడి పని కాస్త కష్టమవుతుంది. అయితే ఆ అన్నం రోజూ అందాలి. ఒక్కపూట వంట మానితే ఇంట్లో పిల్లల గతేమిటో మనకు తెలియనిదా? కనుక ఇవ్వదలచినవారు వస్తువులు కాక డబ్బే ఇవ్వండి. లెక్కలు చూపే సంస్థను విచారించుకుని, కొంచెమే అయినా నెలనెలా ఇవ్వండి.