ఓడ ప్రక్కన గీసిన గీత

(పురుషుల సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది పండుగలో మన సంఘ చరిత్రను చెప్పగల పెద్దలు అనేకులున్నారు. నాకు ఇచ్చిన అంశము "శాసనసభలలో విశ్వాసి సాక్ష్యము". నేను బోధకుడను కాను, రాజకీయములు ఎరిగినవాడనూ కాను. కాకినాడ రేవులో టాలీ గుమాస్తాగా పనిచేసి విరమించినవాడను. కాబట్టి నాకు తెలిసిన ఓడల సంగతితోనే మొదలుపెట్టి, ఒక పార్లమెంటు సభ్యుని కథ మీ ముందు ఉంచుతాను. వారి పేరు శామ్యూల్ ప్లిమ్సాల్.

నేను పనిలో చేరిన రోజులలో పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. తీరానికి దూరముగా లంగరు వేసి నిలిచేవి. బస్తాలను బార్జీలమీద వాటి దగ్గరకు చేర్చేవారము. మొదటిసారి ఒక ఓడ ప్రక్కకు వెళ్లినప్పుడు, దాని పొట్టమీద ఒక వృత్తమును, దాని మధ్యగా ఒక అడ్డగీతను, ప్రక్కన నిచ్చెనమెట్లవలె మరికొన్ని చిన్న గీతలను చూచి, అదేమిటని మా బార్జీ సరంగును అడిగాను. ఆయన వయసు మళ్లినవాడు, చదువు లేనివాడు. "బాబూ, అది ఓడకు పెట్టిన బొట్టు కాదు. ఆ గీత మునిగిందాకా బరువెక్కిస్తే, ఎక్కించినోడు ఒడ్డునుంటాడు, మునిగేవోడు ఓడలో ఉంటాడు" అన్నాడు. ఆ గీత వెనుక ఒక మనిషి జీవితమంతా ఉన్నదని నాకు చాలా ఏండ్ల తరువాత తెలిసింది.

ప్లిమ్సాల్ గారు 1824లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణములో పుట్టారు. షెఫీల్డులో ఒక బీరు బట్టీ కార్యాలయములో గుమాస్తాగా చేరి, అక్కడే మేనేజరు అయ్యారు. 1853లో లండనుకు వచ్చి బొగ్గు వ్యాపారము పెట్టి నష్టపోయారు. ఆ దినములలో కూలివారితో కలసి చవుక సత్రములో ఉండవలసి వచ్చింది. పనిలేని తోటివానికి తన రొట్టెలో సగము పెట్టే మనుష్యులను ఆయన అక్కడ చూచారు. తరువాత రైలుమీద బొగ్గు రవాణాలో నిలదొక్కుకొని ధనవంతులైనా, ఆ సత్రమును మరువలేదు. దేవుడు కొందరిని ముందుగా క్రిందికి దింపి, తరువాత పైకి తెచ్చుట ఇందుకే కాబోలు. వారు కాంగ్రిగేషనల్ సంఘమునకు చెందిన విశ్వాసి. 1868లో డెర్బీ నియోజకవర్గమునుండి లిబరల్ పక్షమున కామన్స్ సభకు ఎన్నికైనారు.

ఆ కాలములో సముద్ర వ్యాపారము ఎట్లుండెనో చెప్పాలి. ఓడలో ఎంత సరుకు ఎక్కించవలెనో నిర్ణయించే చట్టము లేదు. పాతబడి పలకలు కుళ్లిన ఓడలకు కొత్త రంగు, కొత్త పేరు పెట్టి నడిపేవారు. వాటిని విలువకు మించి భీమా చేసేవారు. ఓడ క్షేమముగా చేరితే సరుకు లాభము. మునిగితే భీమా సొమ్ము లాభము. ఏ విధముగా చూచినా యజమానికి నష్టము లేదు. ప్రాణము పోయేది నావికునికి, దిక్కులేనివారయ్యేది వాని భార్యాబిడ్డలు. ఓడ యజమానులందరూ ఇట్టివారని నేననడము లేదు. మంచివారు చాలమంది ఉన్నారు. కాని మంచివాడు తక్కువ బరువు ఎక్కించుకొంటే, ఎక్కువ ఎక్కించిన వానితో బేరములో నిలువలేడు. అందరికీ ఒకే చట్టము ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకొక ఘోరమున్నది. పనికి ఒప్పుకొని సంతకము చేసిన నావికుడు, ఓడను చూచి భయపడి ఎక్కనంటే, వానిని జైలుకు పంపేవారు. ఎక్కితే సముద్రము, ఎక్కకపోతే చెరసాల. జనులు వాటిని "శవపేటిక ఓడలు" అని పిలిచేవారు.

ఈ అన్యాయమును మొదట ఎత్తిచూపినవాడు ప్లిమ్సాల్ గారు కాదు. న్యూకాసిల్‌లో జేమ్స్ హాల్ అనే ఓడ యజమానియే అంతకుముందు ఈ విషయమును లేవనెత్తినారు. మంచి యజమానులున్నారని నేనన్నది అందుకే. ఆ సంగతిని పార్లమెంటుకు తెచ్చి, అది తీరేవరకు వదలక పట్టుకొన్నవారు ప్లిమ్సాల్ గారు. 1873లో "మన నావికులు" అనే అర్థము వచ్చే పేరుతో ఒక పుస్తకము వ్రాసి దేశమును కదిలించారు. వారి భార్య ఎలైజా అమ్మగారు ఈ పనిలో వారికి కుడిభుజముగా నిలిచారు. అదే సంవత్సరము ప్రభుత్వము ఒక రాయల్ కమిషనును నియమించింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ పుస్తకములో ఆవేశము ఎక్కువ. వారు చేసిన ఆరోపణలన్నీ నిలువలేదు. పరువునష్టపు వ్యాజ్యములు వారిమీద వచ్చినవి. న్యాయమైన పనిలో ఉన్నవాడు కూడా తోటివానిపై మోపే మాటను తూచి పలకవలెనని మనము ఇందునుండి నేర్చుకోవాలి.

కమిషనువారు విచారణ చేసి, అన్ని ఓడలకూ ఒకే నియమము పెట్టుట సాధ్యము కాదన్నారు. 1874లో ప్లిమ్సాల్ గారి బిల్లు మూడే మూడు ఓట్లతో ఓడిపోయింది. 1875లో ప్రభుత్వమే ఒక బిల్లు తెచ్చింది. అది బలహీనమైనదైనా ఆయన ఓర్చుకొన్నారు. కాని జూలై 22న ప్రధానమంత్రి డిస్రేలీ లేచి, సమయము చాలనందున ఆ బిల్లును ఈ సమావేశములో విడిచిపెడుతున్నామన్నారు.

సహోదరులారా, ఆ మాట వినగానే ప్లిమ్సాల్ గారు పట్టు తప్పినారు. వచ్చే చలికాలపు తుఫానులలో ఎంతమంది మునుగుదురో ఆయన కన్నులకు కనబడింది కాబోలు. సభ మధ్యకు వచ్చి, మనుష్యులను మృత్యువునకు పంపే దుర్మార్గులు ఈ సభలోనే ఉన్నారని కేకలు వేశారు. సభాపతి ఆ మాట వెనుకకు తీసుకొమ్మన్నా తీసుకోలేదు. ఆయనను సభనుండి బయటకు వెళ్లవలసినదిగా ఆదేశించారు. మందలింపు తీర్మానము వారమురోజులు వాయిదా పడింది. వారము తరువాత ఆయన సభకు వచ్చి, తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పుకొన్నారు. ప్రవర్తనకే గాని, తాను చెప్పిన వాస్తవములకు కాదు.

ఈ వారము రోజులలో దేశమంతట సభలు జరిగినవి. ప్రభుత్వము నిలువలేక, ప్రమాదకరమైన ఓడలను ఆపుచేసే అధికారమిచ్చే తాత్కాలిక చట్టమును ఆ వేసవిలోనే చేసింది. 1876లో వాణిజ్య నౌకల చట్టము వచ్చింది. ఓడ ప్రక్కన పన్నెండు అంగుళముల వృత్తము, దాని మధ్యగా పదునెనిమిది అంగుళముల గీత గీయవలెనని చట్టము చెప్పింది.

పని ముగిసిందనుకొన్నారా? లేదు. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారము యజమానికే విడిచిపెట్టారు! ఒక కెప్టెను ఆ గుర్తును ఓడ పొగగొట్టముమీద వేయించాడని నేటికీ కథగా చెప్పుకొంటారు. గీత ఎక్కడ ఉండాలో చట్టమే నిర్ణయించుటకు 1890 వరకు ఆగవలసి వచ్చింది. పుస్తకము వ్రాసిన నాటినుండి లెక్కించితే పదిహేడు ఏండ్లు.

అప్పటికి ఆయన పార్లమెంటులో లేరు. 1880లో డెర్బీ ప్రజలు ఆయనను గొప్ప మెజారిటీతో గెలిపించారు. కాని హోం మంత్రి అయిన విలియం హార్కోర్టు గారికి సీటు లేకపోగా, మంత్రి పదవిలో ఉన్నవారైతే నావికులకు ఎక్కువ మేలు చేయగలరని తలంచి, ప్లిమ్సాల్ గారు తన స్థానమును విడిచి ఇచ్చారు. తరువాత అందుకు విచారించారు. 1885లో షెఫీల్డులో పోటీచేసి ఓడిపోయారు. అయినా పని మానలేదు. పశువులను క్రిక్కిరిసి ఎక్కించి సముద్రము దాటించే ఓడల క్రూరత్వముమీద 1890లో మరల కలము పట్టారు. 1898 జూన్ 3న ఫోక్‌స్టన్‌లో కన్నుమూశారు. లండనులో థేమ్స్ నది గట్టున ఆయన స్మారకమును 1929లో నిలిపినవారు నావికుల సంఘమువారు.

ఆ గీత ఆయనతో పోలేదు. 1906లో నిబంధనలు కొంత సడలించి బరువును పెంచనిచ్చారు. మంచి చట్టమును కూడా కాపలా కాయవలెనని ఇది మనకు గుర్తుచేస్తుంది. అదే సంవత్సరము బ్రిటిషు రేవులకు వచ్చే పరదేశపు ఓడలకూ గీత తప్పనిసరి చేశారు. 1930లో, మరల 1966లో దేశములన్నీ కూడి అంతర్జాతీయ ఒడంబడిక చేసుకొన్నవి. మన దేశపు 1958 నాటి వాణిజ్య నౌకల చట్టములోనూ ఈ గీతకు చోటు దొరికింది. వృత్తము ప్రక్కనున్న నిచ్చెనమెట్ల అర్థము కూడా చెబుతాను. ఉప్పునీటిలోకన్న మంచినీటిలో ఓడ ఎక్కువ దిగుతుంది గనుక దానికొక గీత. వేడి సముద్రములకొకటి, వేసవికొకటి, చలికాలమునకొకటి. తుఫానులెక్కువైన ఉత్తర అట్లాంటికు చలికాలపు గీత అన్నిటికన్న క్రింద ఉంటుంది. అనగా అపాయము ఎంత ఎక్కువైతే బరువు అంత తక్కువ. మన పిల్లలు వ్యాయామమునకు వేసుకొనే గుడ్డబూట్లను ఇంగ్లండులో "ప్లిమ్సాల్స్" అంటారు. వాటి రబ్బరు అంచు ఈ గీతవలె ఉన్నందున ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఇప్పుడు లేఖనములవైపు చూద్దాము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో, ప్రయాణము ప్రమాదమని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఖైదీ మాటను విడిచి, నావికుని, ఓడ యజమానుని మాట నమ్మాడు. చివరకు సరుకు పారవేసినా ఓడ దక్కలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించవలెనని ఆజ్ఞ ఉన్నది. పడినవానికి కట్టు కట్టుట మంచి సమరయుని పని. ఎవరూ పడకుండ గోడ కట్టుట కూడా ప్రేమయే. మన సంఘములు మొదటి పని బాగుగా నేర్చుకొన్నవి. విధవలకు చందా ఎత్తుతాము, తుఫాను వస్తే బియ్యము పంచుతాము. ఇంతమంది విధవలు ఎందుకయ్యారని అడుగుట మాత్రము మరచిపోతాము. ప్లిమ్సాల్ గారు ఆ ప్రశ్న అడిగారు.

నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. పనిలో చేరిన క్రొత్తలో, ఒక సాయంకాలము ఓడ బయలుదేరే తొందరలో ఒక బార్జీకి మోయగలిగినదానికన్న ఎక్కువ బస్తాలు ఎక్కించారు. లెక్క వ్రాసినవాడను నేనే. నా ఉద్యోగము ఇంకా ఖాయము కాలేదు. నోరు మెదపలేదు. అలలు అంచు దాటి లోపలికి వస్తుంటే, ఇద్దరు కలాసీలు ఓడదాకా నీరు తోడుతూనే ఉన్నారు. ఎట్లో చేరారు. ఏమీ జరగలేదు గనుక నన్నెవరూ అడగలేదు. కాని ఆ ఇద్దరి చేతులు ఇప్పటికీ నాకు కనబడుతుంటవి.

ఇది నావొక్కని సంగతి కాదు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో, అనుమతి లేని విహార పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి ఎన్నో కుటుంబములు దీపము లేనివైనవి. ప్రతిసారి కన్నీళ్లు కార్చాము, ప్రార్థన చేశాము. మంచిదే. కాని మన ఆదివార బడి పిల్లలను విహారమునకు తీసుకొని వెళ్లేటప్పుడు, పడవలో ఎంతమంది ఎక్కవచ్చునో అడిగినవారు మనలో ఎందరు? లారీమీద కూటములకు జనమును నింపి పంపేటప్పుడు "ఇక చాలు" అన్న పెద్ద ఎవరు?

మనలో అందరూ పార్లమెంటుకు వెళ్లరు. కాని సరుకు ఎక్కించేవారున్నారు, ఇండ్లు కట్టేవారున్నారు, బండ్లు నడిపేవారున్నారు, సంతకము పెట్టే అధికారులున్నారు, ఓటు వేసేవారమందరము ఉన్నాము. ఓటు అడుగ వచ్చినవారిని మన వీధి దీపము గురించి అడుగుతాము. ఇకమీదట మన కూలివాని ప్రాణము గురించి కూడా అడుగుదాము. ఈ నూరవ సంవత్సరమున మన సంఘ విహారములకు, కూటములకు ఒక చిన్న నియమము పెట్టుకొందమని పెద్దలను వేడుకొంటున్నాను: మనుష్యులను లెక్కించకుండ, బండిగాని పడవగాని బయలుదేరకూడదు.

 దేవుడు మన సంఘమును ఆశీర్వదించును గాక. ఆమేన్.