పటంలో మన అడవిది ఏ రంగు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటలతో పాటు చదువు మాట కూడా ఒకటి చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌లో పిల్లలకు చెప్పే పాఠాన్నే మేము ఇక్కడ చెబుతాం. ఆ పాఠం పేరు బయోమ్‌లు.

ఒక చోట వాన ఎంత, ఎండ ఎంత, చలి ఎంత అన్నదాన్ని బట్టే అక్కడ ఏ చెట్లు పెరుగుతాయో, ఏ జీవాలు బతుకుతాయో తేలుతుంది. అలా ఒకే రకం వాతావరణం, ఒకే రకం చెట్టూచేమా ఉన్న పెద్ద నేలను బయోమ్ అంటారు. ఉత్తర ధ్రువం దగ్గర చెట్లు లేని మంచు నేల టండ్రా. దానికి దిగువన సూదుల్లాంటి ఆకుల చెట్లున్న అడవి టైగా. ఆ తర్వాత సమశీతోష్ణ అడవులు, గడ్డి మైదానాలు, ఎడారులు. భూమధ్యరేఖ వైపు వస్తే సవన్నాలు, వర్షారణ్యాలు, మన ఆకురాల్చు అడవులు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో వీటికి పటం ఉంటుంది. ఒక్కో బయోమ్‌కు ఒక్కో రంగు. ఆ పటంలో మనుషులు కనబడరు. పాఠం చివర 'మానవ ప్రభావం' అనే శీర్షిక కింద మాత్రమే వస్తారు. అక్కడ మనిషి అంటే పాడుచేసేవాడే. అడవుల నరికివేతకు కారణాలు రాయమంటే మన పిల్లలే ఒకటో నంబరు వేసి 'పోడు వ్యవసాయం' అని రాస్తున్నారు. మార్కు పడుతుంది. కానీ తాత చేసిన సేద్యాన్ని తప్పుగా రాసి వచ్చిన బిడ్డ మనసులో ఏం మిగులుతుంది? అందుకే చెబుతున్నాం. మానవ ప్రభావం అంతా ఒక్కటి కాదు. ఎవరు చేశారు, ఎంత నేల మీద చేశారు, ఎవరి లాభం కోసం చేశారు? ఈ మూడు ప్రశ్నలూ అడగాలి.

ఉత్తర అమెరికా గడ్డి మైదానాలను ప్రయరీలు అంటారు. అక్కడ బైసన్ అనే పెద్ద దున్నలు కోట్లలో ఉండేవి. లకోటా వంటి ఆదివాసీ జాతుల బతుకంతా వాటితోనే. రైలు, తుపాకీ, తోళ్ళ వ్యాపారం వచ్చాయి. 1880ల చివరికి బైసన్లు వెయ్యి లోపే మిగిలాయి. తర్వాత వలస రైతులు గోధుమ కోసం గడ్డినంతా దున్నేశారు. గడ్డి వేళ్ళు పట్టి ఉంచిన మట్టి వదులైపోయింది. 1930లలో కరువు రాగానే ఆ మట్టి గాలిలోకి లేచింది. 1935 ఏప్రిల్ 14న దుమ్ము తుఫానుతో పట్టపగలే చీకటి పడింది. ఆ రోజును అక్కడివాళ్ళు 'నల్ల ఆదివారం' అన్నారు.

దక్షిణ అమెరికాలోని అమెజాన్ వర్షారణ్యంలో ఇప్పటికి సుమారు ఆరో వంతు పోయింది. నరికిన నేలలో ఎక్కువ భాగం పశువుల మేతకే వెళ్ళింది, ఆ మాంసం వ్యాపారానికే. ఉపగ్రహ చిత్రాల్లో చాలా చోట్ల ఆదివాసీ భూముల హద్దు వరకే నరికివేత కనబడుతుంది, హద్దు లోపల అడవి పచ్చగా ఉంటుంది. అక్కడే చికో మెండిస్ అనే రబ్బరు పాలు తీసే కార్మికుడు అడవి కోసం పోరాడి 1988 డిసెంబర్ 22న హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత బ్రెజిల్‌లో జనం అడవిలోనే ఉంటూ రబ్బరు, కాయలు సేకరించుకునే రక్షిత ప్రాంతాలు వచ్చాయి.

ఇక టండ్రా. రష్యాలోని యమాల్ ప్రాంతంలో నెనెట్స్ జాతివారు రెయిన్‌డీర్ జింకల మందలతో తిరుగుతారు. 2013 నవంబర్‌లో మంచు పడాల్సిన కాలంలో వాన పడింది. అది గడ్డకట్టి నేల మీద పలకలా పరుచుకుంది. కింద ఉన్న మేత అందక అరవై వేలకు పైగా జింకలు ఆకలితో చచ్చిపోయాయి. ఆ నేలను వేడెక్కించిన పొగ నెనెట్స్ గుడారాల్లోంచి వచ్చింది కాదు.

కాపాడటం పేరుతో జరిగేది కూడా మానవ ప్రభావమే. తూర్పు ఆఫ్రికా సవన్నాలో మాసాయిలు తరతరాలుగా అడవి జంతువుల మధ్యే పశువులు మేపుకున్నారు. 1951లో సెరెంగెటి జాతీయ పార్కు అయింది. 1959లో వాళ్ళను అక్కడి నుంచి పక్కనున్న గోరోంగోరోకు పంపేశారు.

ఇప్పుడు మన అడవి. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్నది ఉష్ణమండల ఆకురాల్చు అడవి. ఎండాకాలంలో నీరు ఆదా చేసుకోవడానికి చెట్లు ఆకు రాలుస్తాయి. మద్ది, ఇప్ప, తునికి, ఉసిరి, కరక చెట్ల అడవి ఇది. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఇక్కడి అడవి రిజర్వు అయింది. కలపకు విలువ కట్టారు, పోడుకు అడ్డుకట్ట వేశారు. 1922-24 మన్యం పితూరీ వెనుక ఆ కోపం కూడా ఉంది.

పోడు వల్ల నష్టమే లేదని మేము అనం. కొండవాలుకు ఏళ్ళ తరబడి విశ్రాంతి ఇస్తే మోళ్ళు మళ్ళీ చిగురిస్తాయి. నేల తగ్గి, జనం పెరిగి, రెండు మూడేళ్ళకే అదే వాలును మళ్ళీ కొడితే మట్టి వాగుపాలవుతుంది. అది మన కళ్ళ ముందే ఉంది, ఒప్పుకోవాలి. అయితే గనులూ జలాశయాలూ రోడ్లూ తీసుకున్న అడవి లెక్క కూడా ఆ పక్కనే రాయాలి.

ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో పనిచేసే జీవవైవిధ్య శాస్త్రవేత్తల వేదిక 2019లో ఒక నివేదిక ఇచ్చింది. భూమి మీది నేలలో నాలుగింట మూడు వంతులు మనిషి వల్ల బాగా మారిపోయిందని అందులో ఉంది. కనీసం నాలుగో వంతు నేల ఆదివాసీలు సంప్రదాయంగా చూసుకుంటున్నదేనని, అక్కడ ప్రకృతి క్షీణత మిగతా చోట్ల కంటే నెమ్మదిగా ఉందని కూడా ఉంది. మొదటి మాట పరీక్షకు చదువుతున్నాం. రెండోది కూడా చదవండి.

చదివి ఊరుకోవద్దు. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తికి పట్టాతో పాటు ఊరుమ్మడి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. చాలామంది పట్టా కోసమే తిరుగుతున్నారు, ఉమ్మడి హక్కును మరిచిపోతున్నారు. గ్రామసభ జరిగితే డిగ్రీ చదివిన మీరు వెనక నిలబడకండి, ముందు కూర్చుని కాగితం చదివి పెద్దలకు మన భాషలో చెప్పండి.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊరిది ఉందో లేదో అడగండి. ఉంటే అందులో ఏం రాశారో చూడండి. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుంది, ఏ ఊట ఎండిపోయింది, ఏ దుంప దొరకడం మానేసింది, పశువులు ముట్టని లాంటానా ముళ్ళపొద ఎంత మేర పాకింది, ఇవన్నీ అవ్వనూ తాతనూ అడిగి రాయించండి. వాళ్ళకు తెలిసింది వాళ్ళతోనే పోనివ్వకండి.

పిల్లలూ, రేపు పరీక్షలో అడవుల నరికివేతకు కారణాలు అడిగితే పోడు అని రాయండి, తప్పు లేదు. ముందు గనులు రాయండి, వ్యాపార పంటలు రాయండి, జలాశయాలు రాయండి. అడవిని కాపాడే మార్గాలు అడిగితే మాత్రం మొదటి నంబరు వేసి గ్రామసభ అని రాయండి. జోహార్.