కారణం రాసిపెట్టండి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువతీయువకులారా, మీకు మనసారా అభినందనలు.

మీలో చాలామంది ఏదో ఒక సెమిస్టర్‌లో పైథాన్ రాసే ఉంటారు. ల్యాబ్ రికార్డు కోసమో, ప్రాజెక్టు కోసమో, ప్లేస్‌మెంట్ టెస్టు కోసమో. అందులో కోడ్ ఎలా రాయాలో మీ అధ్యాపకులు నేర్పారు. ఆ భాషను తయారుచేసినవాళ్లు, వాడుకునేవాళ్లు ముప్పై ఏళ్లకు పైగా తమలో తాము ఎలా వాదించుకున్నారు, ఎలా ఒక మాట మీదికి వచ్చారు, రాలేనప్పుడు ఏం చేశారు అన్నది సిలబస్‌లో ఉండదు. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. మీరు ఏ ఉద్యోగంలో చేరినా, ఏది చేయాలో, ఏది చేయకూడదో నలుగురితో కూర్చుని తేల్చుకోవలసిన పని రోజూ ఎదురవుతుంది. ఆ విద్యకు మార్కులు వేసే పరీక్ష ఏ కాలేజీలోనూ లేదు. పైథాన్ కథలో మాత్రం ఆ పాఠం దొరుకుతుంది.

1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గీడో వాన్ రోసమ్ పైథాన్ రాయడం మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో దాన్ని అందరి చేతికీ ఇచ్చారు. వాడినవాళ్లు వాడి ఊరుకోలేదు. ఇది బాగుంది, ఇది ఇబ్బందిగా ఉంది, ఇది కూడా ఉంటే బాగుండేది అని రాయసాగారు. కొన్నేళ్లపాటు గీడో ఒక్కరి తీర్పు సరిపోయింది. మనుషులు పెరిగేకొద్దీ అడిగిందే మళ్లీ అడగడం, తేలిందే మళ్లీ తవ్వడం మొదలైంది. అప్పుడు, 2000లో, ఒక పద్ధతి పెట్టుకున్నారు. భాషలో పెద్ద మార్పు కావాలనుకున్నవాళ్లు ఒక ప్రతిపాదన పత్రం రాయాలి. దాని పేరు పెప్. ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటి, ఏం మార్చమంటున్నారు, మారిస్తే పాత కోడ్ గతేమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. వాటితోపాటు తోసిపుచ్చిన ఆలోచనలేమిటో, వాటిని ఎందుకు తోసిపుచ్చారో కూడా రాయాలి.

ఆ చివరి భాగం నాకు చాలా ఇష్టం. మన శాస్త్ర గ్రంథాల్లో సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షం చెప్పే సంప్రదాయం ఉంది. ఎదుటివారి వాదాన్ని వారి బలంతోనే నిలబెట్టి, ఆ తర్వాతే జవాబు చెప్పాలి. బలహీనంగా చెప్పి ఓడించడం పాండిత్యం అనిపించుకోదు. పైథాన్ వాళ్లు మన గ్రంథాలు చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు. నిజాయితీగా ఆలోచించేవాళ్లు ఎక్కడున్నా ఈ పద్ధతికే చేరుకుంటారని అంటున్నాను.

ఈ పద్ధతి ఎలా పనిచేసిందో ఒక ఉదాహరణ చెబుతాను. మాత్రికల గుణకారం మీరంతా ఇంటర్మీడియట్‌లోనే చేశారు. కాగితం మీద ఆ సూత్రాలు ఒక్క వరుసలో ఇమిడిపోతాయి. పైథాన్‌లో మాత్రం చాలాకాలం దానికి సొంత గుర్తు లేదు. ఫంక్షన్‌ని పిలవాలి, దాని లోపల మరో ఫంక్షన్, బ్రాకెట్ లోపల బ్రాకెట్. 2000లోనే దీని మీద రెండు ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో ఒకటి కొత్త గుర్తుల కుటుంబాన్నే అడిగింది. రెండూ ఆమోదం పొందలేదు. 2014లో నథానియెల్ స్మిత్ అనే ఆయన మళ్లీ రాశారు. ఈసారి అడిగింది ఒకే ఒక్క గుర్తు, మనం ఈమెయిల్ చిరునామాలో వాడే ఆ '@'. ముందుగా లెక్కల లైబ్రరీలు రాసేవాళ్లను ఒక మాట మీదికి తెచ్చారు. నిజంగా వాడుకలో ఉన్న కోడ్‌లో ఏ గణిత క్రియ ఎంత తరచుగా వస్తోందో లెక్కగట్టి పట్టికగా పెట్టారు. గణాంకశాస్త్రంలోని ఒక సూత్రాన్ని పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో పక్కపక్కన రాసి చూపించారు. ప్రతిపాదన నెగ్గింది. 2015లో పైథాన్ 3.5తో ఆ గుర్తు భాషలోకి వచ్చింది. మీలో మెషీన్ లెర్నింగ్ చేసినవాళ్లు దాన్ని వాడే ఉంటారు.

పద్నాలుగేళ్లు కదలని తలుపు ఎలా తెరుచుకుందో గమనించండి. ఆయన తక్కువ అడిగారు. ఆధారంతో అడిగారు. తనవాళ్ల మధ్య ఉన్న భేదాలు తీర్చుకుని వచ్చి అడిగారు. రేపు మీ మేనేజర్ దగ్గరికి వెళ్లినా, గ్రామసభలో లేచి నిలబడినా ఈ మూడూ మీకు పనికొస్తాయి.

అన్ని చర్చలూ ఇంత చక్కగా ముగియవు. 2018లో ఒక చిన్న మార్పు మీద పెద్ద గొడవ జరిగింది. ఒక విలువకు పేరు పెడుతూనే, అదే వరుసలో ఆ విలువను వాడుకునే వీలు కల్పించే గుర్తు అది. లేకపోయినా పని ఆగదు, ఉంటే కొన్నిచోట్ల ఒక వరుస తగ్గుతుంది. దాని మీద నెలల తరబడి వాదన సాగింది. కోడ్ చదవడం కష్టమవుతుందని కొందరు, తేలికవుతుందని కొందరు. చెప్పిన మాటే మళ్లీ చెప్పేవాళ్లు, ముందు రాసింది చదవకుండా వచ్చి వాదించేవాళ్లు, విషయం వదిలేసి మనుషుల మీద పడేవాళ్లు కూడా చేరారు. చివరికి గీడో దాన్ని ఆమోదించారు. ఆ వెంటనే, 2018 జులై 12న, నిర్ణయాలు చేసే బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు. ఒక ప్రతిపాదన కోసం ఇంతగా పోరాడి, చివరికి ఇంతమందికి తన నిర్ణయం నచ్చలేదని చూడడం ఇక తన వల్ల కాదని ఆయన బాధ. దాదాపు ముప్పై ఏళ్లు ఒక పనికి అంకితమైన మనిషిని అలసట ఆ స్థితికి తెచ్చింది.

ఈ సంగతి మీ మనసులో నాటుకోవాలని నా కోరిక. తెర అవతల ఉన్నది మనిషి. మీరు రాసిన ఒక్క కటువైన మాట మీకు చిన్నదే. అలాంటివి వందలు ఒకే మనిషి మీద పడితే ఆయన మోయలేరు. వాదంలో మీరే ఒప్పు కావచ్చు. అయినా ఎదుటివారు మళ్లీ ఆ పనిలోకి రాకుండా పోతే, ఆ నష్టం మీకూ ఉంటుంది.

గీడో తన తర్వాత ఎవరో చెప్పలేదు. ఎలా నడుపుకుంటారో మీరే తేల్చుకోండని వదిలేశారు. అప్పుడు వాళ్లు చేసిన పని గొప్పది. పాలన ఎలా ఉండాలన్న దాని మీద కూడా అదే పెప్ పద్ధతిలో ఏడు ప్రతిపాదనలు రాసుకున్నారు, చర్చించారు, 2018 డిసెంబరులో ఓటు వేశారు. నెగ్గిన ప్రతిపాదన ప్రకారం అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. సాధారణంగా ఎన్నికతోనే అందులోకి వస్తారు. ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదు. ఎంత పెద్ద కంపెనీ అయినా అందరి భాషను తన గుప్పిట్లో పెట్టుకోకుండా కాపాడే నియమం అది. 2019లో ఎన్నికైన మొదటి కౌన్సిల్‌లో గీడో కూడా ఒకరు. ఒకప్పుడు తన మాటే ఆఖరిదైన మనిషి, అయిదు ఓట్లలో ఒక ఓటుగా కూర్చున్నారు. పదవి కన్నా పనిని ఎక్కువగా ప్రేమించడమంటే ఇదే.

ఇప్పటిదాకా తయారుచేసేవాళ్ల సంగతి చెప్పాను. వాడేవాళ్ల సంగతికి వస్తాను, మనలో ఎక్కువమంది ఆ వైపే ఉన్నాం. వేరియబుల్ పక్కన దాని టైపు రాసే అలవాటు మీకు తెలుసు. ఆ రాతలను లోపల ఎలా దాచాలన్న దాని మీద 2017లో ఒక మార్పు ఒప్పుకున్నారు. 3.10 వెర్షన్ నుంచి అందరికీ అదే వర్తింపజేయాలనుకున్నారు. పైడాంటిక్, ఫాస్ట్‌ఏపీఐ వంటి లైబ్రరీలు ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఆ టైపులను చదివి పనిచేస్తాయి. ఈ మార్పు వస్తే వాటికి చిక్కే. 2021 ఏప్రిల్‌లో, కొత్త మార్పులకు తలుపు మూసే గడువు దగ్గరపడ్డాక, ఆ లైబ్రరీల రచయితలు గట్టిగా చెప్పారు. మొదట మాటలు కాస్త వేడెక్కాయి. ఇంత ఆలస్యంగా చెబితే ఎలా అన్నది ఒకవైపు, మా వాడుక గురించి అడిగిందెవరన్నది మరోవైపు. కౌన్సిల్ ఆ రచయితల మాట విని మార్పును వాయిదా వేసింది. లారీ హేస్టింగ్స్ రాసిన మరో ప్రతిపాదనను 2023లో ఆమోదించారు. 2025లో 3.14తో అది అమలుకు వచ్చింది. వాడేవాళ్లు నోరు విప్పారు కాబట్టి భాష మెరుగైన దారి పట్టింది. ముందే విప్పి ఉంటే అందరికీ ఇంకా మేలు జరిగేది.

ఇక్కడ మన తెలుగు పిల్లలకు ఒక మాట. పెద్దలకు ఎదురుచెప్పకూడదన్న మాట వింటూ మనం పెరిగాం. అందులో మంచి ఉంది, దాన్ని వదులుకోమనను. అయితే కారణంతో చెప్పిన భిన్నాభిప్రాయం అగౌరవం కాదు. మీటింగులో తల ఊపి, బయటికి వచ్చాక ఇది పనిచేయదని స్నేహితుడి చెవిలో చెబితే ఎవరికీ మేలు లేదు. గొంతు పెగలకపోతే రాయండి. రాసిన కారణాన్ని రాసినవారి వయసు చూడకుండా చదవవచ్చు. కొత్తగా చేరిన మీకు అదే పెద్ద అండ.

మీరు మాట్లాడవలసిన చోటు కూడా ఒకటి చూపిస్తాను. పాత పైథాన్ 2లో 'తెలుగు' అన్న మాట పొడవెంత అని మామూలుగా అడిగితే, యూటీఎఫ్-8లో దాచిన బైట్లు లెక్కపెట్టి 18 అనేది. 2008లో వచ్చిన పైథాన్ 3 ఆరు అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ప్రపంచంలోని లిపులన్నిటికీ సమానంగా చోటివ్వడానికి చేసిన ఆ మార్పు పాత కోడ్‌ను విరగ్గొట్టింది. జనం అటు నుంచి ఇటు రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగింది. వేరియబుళ్ల పేర్లు ఏ లిపిలోనైనా పెట్టుకోవచ్చా అన్న దాని మీద 2007లో విడిగా చర్చ జరిగింది. అలా రాస్తే మిగతా దేశాలవాళ్లు ఆ కోడ్ చదవలేరని కొందరు, ఇంగ్లీషు రానివాళ్లకు, చిన్నపిల్లలకు అది ఆసరా అని కొందరు. భాషతో వచ్చే లైబ్రరీలో ఇంగ్లీషు అక్షరాలే వాడాలి, మిగతాచోట ఎవరిష్టం వారిది అని తేల్చారు. అందుకే ఈ రోజు వేరియబుల్‌కు 'వయసు' అనీ, 'ఊరు' అనీ పేరు పెడితే పైథాన్ ఒప్పుకుంటుంది.

కానీ 'సాఫ్ట్‌వేర్' అని పెట్టి చూడండి. మనం మామూలుగా రాసే పద్ధతిలో రాస్తే తప్పు అంటుంది. పొల్లు అక్షరం తర్వాతి హల్లుతో కలిసి వత్తుగా మారకుండా ఆపడానికి మనం కంటికి కనిపించని ఒక గుర్తు వాడతాం. పైథాన్ పేర్లలో దానికి చోటు లేదు. కనిపించని గుర్తును అనుమతిస్తే చూడడానికి ఒకేలా ఉండే రెండు వేర్వేరు పేర్లు పుట్టి, మోసానికి దారి ఏర్పడుతుందన్నది అవతలి వాదం. చాలా బలమైన వాదం. మనవైపూ బలం ఉంది: ఆ గుర్తు లేకుండా తెలుగు, పర్షియన్ వంటి భాషల్లో ఎన్నో మాటలు సరిగా రాయలేం. దీనికి మధ్యేమార్గం ఉందా? పొల్లు తర్వాత మాత్రమే అనుమతిస్తే చాలా? అప్పుడు పాత కోడ్‌కు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు రాయగలిగినవాళ్లు తెలుగు రాయడం, కోడ్ రాయడం రెండూ వచ్చినవాళ్లే. అంటే మీరే. అవతలి వాదాన్ని ముందు పూర్తిగా రాసి, ఆ తర్వాత మీది రాయండి. ప్రతిపాదన నెగ్గకపోవచ్చు. అయినా మీ తర్వాత ఈ సంగతి ఎత్తుకునేవాళ్లు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టనక్కరలేదు.

దీనికోసం దేశం దాటి వెళ్లాల్సిన పని లేదు. పైథాన్ వాడేవాళ్ల వార్షిక సమావేశం, పైకాన్ ఇండియా, 2009లో బెంగళూరులో మొదలై 2018లో హైదరాబాద్‌కు వచ్చింది. వెళ్లండి, వినండి, అడగండి. ఒక తప్పు కనిపిస్తే అది మళ్లీ ఎలా కనబడుతుందో వివరంగా రాసి పంపండి. డాక్యుమెంటేషన్‌లో అర్థంకాని వాక్యాన్ని సరిచేయండి. ఉచితంగా అందుకున్నదానికి అలా రుణం తీర్చుకోవచ్చు.

పట్టభద్రులారా, ఈ రోజు తర్వాత మీ అభిప్రాయానికి విలువ పెరుగుతుంది, దానితోపాటు బాధ్యతా పెరుగుతుంది. అభిప్రాయం చెప్పినప్పుడు కారణం చెప్పండి. కారణం చెప్పినప్పుడు ఆధారం చూపండి. ఎదుటివారి మాటను, అవును, నేనన్నది ఇదే అని వారు ఒప్పుకునేలా తిరిగి చెప్పగలిగాకే కాదనండి. నిర్ణయం మీ వైపు రాకపోతే, మీ అభ్యంతరం రాసిపెట్టి, ఆ నిర్ణయం సఫలం కావడానికి అందరితోపాటు పనిచేయండి. మీ వైపు వచ్చిన రోజున, ఓడినవారి కారణాలను చెరిపేయకండి. పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు వాటితో అవసరం పడుతుంది.

మీరు చేరే ప్రతి చర్చా మీరు చేరాక మరింత మర్యాదగా, మరింత స్పష్టంగా సాగాలి. మీ జ్ఞానం పదిమందికి పనికిరావాలి. మీ తల్లిదండ్రుల, గురువుల ఆశలు ఫలించాలి.